పార్ట్‌టైమ్ నానీకి సెలవు జీతం, సిక్ పే: బ్రిటన్‌లో లెక్క ఎక్కడ తప్పుతోంది

క్లుప్తంగా: బ్రిటన్‌లో ఇంటికొచ్చి పిల్లల్ని చూసుకునే నానీకి, వారానికి ఒక్కరోజే వచ్చినా, ఏడాదికి 5.6 వారాల జీతంతో కూడిన సెలవు ఉంటుంది. బ్యాంక్ హాలిడేలను (ప్రభుత్వ సెలవు రోజులను) అందులో కలపాలా, పైన ఇవ్వాలా అన్నది కాంట్రాక్టును బట్టి ఉంటుంది. 2026 ఏప్రిల్ 6 నుంచి జబ్బుపడ్డ మొదటి పనిరోజుకే సిక్ పే (జబ్బు రోజులకు యజమాని ఇచ్చే డబ్బు) వర్తిస్తుంది, జీతం ఎంత తక్కువైనా సరే. ఆ డబ్బు ప్రభుత్వం నుంచి తిరిగి రాదు. పేచీలు ఎక్కువగా వచ్చేది, వారాల్లో రాసి ఉన్న హక్కును రోజుల్లోకి మార్చే దగ్గర.

వారానికి రెండు రోజులు, సోమ, మంగళవారాల్లో, ఒక ఇంటికి నానీ వస్తోంది అనుకుందాం. మే నెల మొదటి సోమవారం బ్యాంక్ హాలిడే. తల్లిదండ్రులిద్దరికీ ఆఫీసు లేదు కాబట్టి ఆ రోజు రావద్దన్నారు. నెలాఖరున జీతం వేసేటప్పుడు ఇంట్లో చర్చ మొదలవుతుంది. ఆ సోమవారానికి డబ్బు ఇవ్వాలా? ఇస్తే ఆమె సెలవుల్లోంచి ఒకటి తగ్గించాలా? ఇవ్వకపోతే చట్టం ఒప్పుకుంటుందా? అదే నానీ బుధ, గురువారాల్లో వస్తూ ఉంటే ఈ మూడింటిలో ఒక్క ప్రశ్నా వచ్చేది కాదు.

నానీని కుదుర్చుకునేటప్పుడు మాటలన్నీ గంటకు ఎంత, ఎన్నింటికి వస్తారు అన్నవాటి చుట్టూనే తిరుగుతాయి. సెలవుల సంగతి ‘తర్వాత చూద్దాం’ దగ్గర ఆగిపోతుంది. ఆ ‘తర్వాత’ అనేది సాధారణంగా మొదటి బ్యాంక్ హాలిడే నాడో, నానీకి మొదటిసారి జ్వరం వచ్చిన నాడో వస్తుంది. దీనికి తోడు 2026 ఏప్రిల్‌లో సిక్ పే నియమాలు మారడంతో, పాత కాంట్రాక్టుల్లో రాసుకున్నవి కూడా మళ్లీ చూసుకోవాల్సి వచ్చింది.

కంపెనీకి ఉండే బాధ్యతలే ఇంటికీ

పిల్లను నర్సరీలో వేస్తే తల్లిదండ్రులు కస్టమర్లు. అక్కడి సిబ్బంది సెలవులు, జబ్బులు నర్సరీ తలనొప్పి. చైల్డ్‌మైండర్ దగ్గర దింపినా అంతే. ఆమె తన ఇంట్లో, తన షరతులతో పనిచేసే స్వయం ఉపాధి మనిషి. ఆమెకు సెలవు జీతం ఎవరూ ఇవ్వరు. దానికి బదులు, తాను సెలవు పెట్టిన వారానికి ఫీజు తీసుకోవాలా వద్దా అన్నది కాంట్రాక్టులో తనే రాసుకుంటుంది.

నానీ విషయం వేరు. ఏ ఇంట్లో, ఏ రోజు, ఎన్ని గంటలకు, పిల్లను ఎప్పుడు పడుకోబెట్టాలి, ఏం తినిపించాలి అన్నది ఇంటివాళ్లు చెబుతారు. అందుకే దాదాపు ప్రతి సందర్భంలోనూ నానీ ఉద్యోగి, తల్లిదండ్రులే యజమానులు. ‘నేను సెల్ఫ్ ఎంప్లాయిడ్’ అని ఆమె అన్నా, ఇద్దరూ అలాగే సంతకాలు పెట్టుకున్నా, పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీ చూసేది పని నడిచే తీరునే. ఉబర్ డ్రైవర్ల కేసులో 2021లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా దాదాపు ఇదే: కాగితం మీద పెట్టుకున్న పేరుతో చట్టమిచ్చిన హక్కులు పోవు.

యజమాని అయ్యాక మిగతావన్నీ వెంట వస్తాయి. పేస్లిప్ ఇవ్వాలి. పనిలో చేరిన మొదటి రోజుకే సెలవులు, సిక్ పే వివరాలతో రాతపూర్వక పత్రం ఇవ్వాలి, ఇది 2020 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం. 50 లక్షల పౌండ్ల కవరేజీకి తగ్గకుండా ఎంప్లాయర్స్ లయబిలిటీ ఇన్సూరెన్స్ (పనిలో ఉద్యోగికి ఏదైనా జరిగితే పరిహారానికి బీమా) ఉండాలి. ఏడాదికి 5,000 పౌండ్లు దాటిన జీతం మీద 15 శాతం ఎంప్లాయర్ నేషనల్ ఇన్సూరెన్స్, అంటే యజమాని ప్రభుత్వానికి కట్టే సామాజిక భద్రతా చందా, కట్టాలి. చిన్న వ్యాపారాలకు ఈ భారం తగ్గించే ఎంప్లాయ్‌మెంట్ అలవెన్స్ అనే రాయితీ ఉంది కానీ, ఇంటి పనికి పెట్టుకున్న నానీకి అది వర్తించదు. అంటే నలుగురు పనిచేసే షాపు యజమానికి దొరికే వెసులుబాటు, ఒక్క మనిషిని పెట్టుకున్న ఇంటికి దొరకదు.

పార్ట్‌టైమ్ కాబట్టి ఈ హక్కులు కొంచెం తక్కువే అన్న అభిప్రాయం కూడా నిలవదు. పార్ట్‌టైమ్ వాళ్లను ఫుల్‌టైమ్ వాళ్లకంటే తక్కువగా చూడకూడదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. రోజులు తగ్గిన మేరకు లెక్క తగ్గుతుంది, హక్కు మాత్రం తగ్గదు.

చట్టం వారాల్లో, ఇల్లు రోజుల్లో

1998లో వచ్చిన వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ సెలవును వారాల్లో కొలుస్తాయి. మొదట్లో తక్కువగా ఉన్న ఈ హక్కు 2007లో 4.8 వారాలకు, 2009 ఏప్రిల్‌లో 5.6 వారాలకు పెరిగింది. ఆ చివరి అంకె వింతగా కనిపిస్తుంది కానీ దాని వెనక లెక్క సులువు. వారానికి 5 రోజులు పనిచేసేవారికి 5.6 వారాలంటే 28 రోజులు, అంటే 20 రోజుల సెలవు, 8 బ్యాంక్ హాలిడేలు.

పార్ట్‌టైమ్ నానీకి వారంలో ఎన్ని రోజులు పని ఉంటే ఆ సంఖ్యను 5.6తో గుణించాలి. ఒక్కరోజైతే 5.6 రోజులు, రెండైతే 11.2, మూడైతే 16.8, నాలుగైతే 22.4. ఆ దశాంశాన్ని పైకి సర్దవచ్చు, కిందికి కోయకూడదు. 11.2ను 12 చేయడం యజమాని ఇష్టం, 11 చేయడం తప్పు.

రోజులన్నీ ఒకే పొడవుంటే ఇది చాలు. నానీల పనిలో తరచూ అలా ఉండదు. సోమవారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6 దాకా, బుధ, శుక్రవారాల్లో మాత్రం స్కూల్ వదిలే వేళ నుంచి 5 గంటలు అనుకుందాం. మొత్తం వారానికి 20 గంటలు. ఇక్కడ 16.8 రోజులు అని రాసుకుంటే, ఆమె సెలవులన్నీ సోమవారాలే పెట్టినప్పుడు ఇంటివాళ్లకు నష్టం, బుధవారాలే పెట్టినప్పుడు ఆమెకు నష్టం. గంటల్లోకి మారిస్తే 20 గంటలు ఇంటూ 5.6, అంటే 112 గంటలు. సోమవారం సెలవు పెడితే 10 గంటలు, బుధవారం పెడితే 5 గంటలు తగ్గుతాయి. గొడవ లేదు.

సెలవు రోజుకు ఇవ్వాల్సింది మామూలు రోజు జీతం. వారం వారం జీతం మారుతూ ఉంటే, జీతం అందుకున్న గత 52 వారాల సగటు తీయాలి. ఇక్కడ ఇంటివాళ్లు తరచూ మరిచిపోయే సంగతి ఒకటి ఉంది. ప్రతి శుక్రవారం రాత్రి అదనంగా బేబీసిట్టింగ్ చేయించుకుని ఓవర్‌టైమ్ ఇస్తూ ఉంటే, అలా క్రమంగా వచ్చే ఓవర్‌టైమ్ కూడా సెలవు జీతంలో, 5.6 వారాల్లో కనీసం 4 వారాలకు, కలవాలి.

సోమవారం నానీ, బుధవారం నానీ

ఇంగ్లండ్, వేల్స్‌లో ఏడాదికి 8 బ్యాంక్ హాలిడేలు. స్కాట్లండ్‌లో మామూలుగా 9, నార్తర్న్ ఐర్లండ్‌లో 10. ఆ రోజుల్లో జీతంతో సెలవు ఇచ్చి తీరాలని ఏ చట్టంలోనూ లేదు. ఇస్తే వాటిని 5.6 వారాల్లో కలిపి లెక్కించవచ్చు. ఫుల్‌టైమ్ వాళ్లకు ఇందులో తేడా తెలియదు. అసలు చిక్కు పార్ట్‌టైమ్‌లోనే, ఎందుకంటే ఇంగ్లండ్ బ్యాంక్ హాలిడేల్లో నాలుగు మామూలుగా సోమవారాలే: ఈస్టర్ మండే, మే నెలలో రెండు, ఆగస్టు చివరిది.

2026 క్యాలెండర్ తీసుకుంటే తేడా ఇంకా బాగా కనబడుతుంది. బాక్సింగ్ డే శనివారం పడడంతో దాని బదులు సెలవు డిసెంబర్ 28, సోమవారానికి వెళ్లింది. దాంతో ఏప్రిల్ 6, మే 4, మే 25, ఆగస్టు 31, డిసెంబర్ 28, మొత్తం 5 సోమవారాలు. సోమ, మంగళవారాల్లో వచ్చే నానీకి ఉన్న 11.2 రోజుల్లో 5 ఇలాగే పోతే, తనకు నచ్చినప్పుడు పెట్టుకోవడానికి మిగిలేవి 6.2. బుధ, గురువారాల్లో వచ్చే నానీకి ఆ ఏడాది తగిలిన బ్యాంక్ హాలిడే జనవరి 1 ఒక్కటే. ఆమెకు 10.2 రోజులు మిగులుతాయి. ఇద్దరి మొత్తం హక్కూ ఒకటే, చేతిలో మిగిలిన స్వేచ్ఛలోనే తేడా.

దీనికి వ్యతిరేక దిశలో జరిగే పొరపాటు కూడా ఉంది. ‘బ్యాంక్ హాలిడే మా పని రోజున పడితే జీతంతో సెలవు, పడకపోతే లేదు’ అని రాసుకుని, మిగతా సెలవుగా 4 వారాలు మాత్రమే, అంటే రెండు రోజుల నానీకి 8 రోజులు ఇస్తారు. సోమవారం నానీకి 8 ప్లస్ 5, 13 రోజులు వస్తాయి, ఇబ్బంది లేదు. బుధవారం నానీకి 8 ప్లస్ 1, 9 రోజులే. చట్టం చెప్పిన 11.2 కంటే తక్కువ. ఒకే వాక్యం ఒక ఇంట్లో సరిపోయి, పక్కింట్లో చట్టవిరుద్ధమవుతుంది.

అందుకే బ్యాంక్ హాలిడేలతో సహా మొత్తం హక్కును ఒకే మూటగా పెట్టి, నానీ రాని ప్రతి బ్యాంక్ హాలిడేనూ అందులోంచి తీయడం లెక్కకు తేలికైన పద్ధతి. సోమవారాలు మరీ ఎక్కువ తినేస్తున్నాయనిపిస్తే, ఆ రోజు బదులు వారంలో ఇంకో రోజు రమ్మని అడగవచ్చు, లేదా అదనంగా రెండు రోజులు ఇవ్వవచ్చు. ఇవి చట్టం అడిగేవి కావు, మంచి నానీ ఇంకో ఇంటికి వెళ్లిపోకుండా ఉండడానికి ఇచ్చేవి.

ఇంటివాళ్లు ఊరెళితే ఆ వారాలు ఎవరివి?

వేసవిలో ఒక తెలుగు కుటుంబం ఐదు వారాలు ఇండియాకి వెళ్తుంది. నానీకి ఆ ఐదు వారాలూ పని లేదు. ఆమె ఎక్కడికీ వెళ్లడం లేదు, రమ్మంటే వస్తుంది. రెండు రోజుల నానీ లెక్కలో ఇవి 10 పనిరోజులు, ఆమె ఏడాది సెలవు 11.2లో దాదాపు అంతా.

చట్టప్రకారం యజమాని ఫలానా తేదీల్లో సెలవు తీసుకోమని చెప్పవచ్చు. కానీ సెలవు రోజులకు రెట్టింపు రోజుల ముందు చెప్పాలి. 10 రోజుల సెలవుకు 20 రోజుల ముందు. నానీ సెలవు అడిగేటప్పుడూ అదే రెట్టింపు నియమం, కాంట్రాక్టులో వేరేలా రాసుకోకపోతే. ఆమె అడిగిన తేదీలు కుదరవనాలంటే, ఎన్ని రోజుల సెలవో కనీసం అన్ని రోజుల ముందే చెప్పాలి. ముందుగా చెప్పకుండా టికెట్లు కొనేసి, వెళ్లే వారంలో ‘ఇవి నీ సెలవులే’ అంటే కుదరదు. అప్పుడు ఆమె పనికి సిద్ధంగా ఉన్నట్టే, మామూలు జీతం ఇవ్వాలి. పైగా ఆమె సెలవులు అలాగే మిగిలి ఉంటాయి. ఆ వారాలకు అసలు జీతమే ఉండకూడదంటే, ఆ షరతు మొదటి నుంచీ కాంట్రాక్టులో ఉండాలి.

నోటీసు సరిగ్గా ఇచ్చినా, ఏడాది సెలవంతా ఇంటివాళ్ల ప్రయాణానికే ఖర్చయిపోతే ఆమెకు 1.2 రోజులు మిగులుతాయి. నానీల కాంట్రాక్టుల్లో బాగా వాడుకలో ఉన్న సగం సగం పద్ధతి ఈ చిక్కు కోసమే పుట్టింది. సగం సెలవు తేదీలు ఇంటివాళ్లు చెబుతారు, సగం నానీ ఎంచుకుంటుంది. ఈ పద్ధతిలో ఐదు వారాల ప్రయాణంలో 5.6 రోజులు సెలవు కిందికి వెళ్తాయి, మిగతా 4.4 రోజులకు పని లేకపోయినా జీతం నడుస్తుంది. ఊరికే ఇచ్చినట్టు అనిపించే ఈ డబ్బు నిజానికి తిరిగొచ్చేసరికి అదే మనిషి అక్కడే ఉండడానికి ఇచ్చే అద్దె లాంటిది.

అమ్మమ్మ, తాతయ్య వచ్చి ఆరు వారాలు ఉండడంతో నానీ అవసరం తగ్గినప్పుడూ ఇదే లెక్క. ఇంట్లో మనుషులు పెరిగారన్నది ఆమె జీతం ఆపడానికి కారణం కాదు.

స్కూల్ నడిచే వారాలకే వస్తే: 12.07 శాతం

12.07 శాతం అన్న అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఎప్పుడు వాడాలో కూడా తెలుస్తుంది. ఏడాదికి 52 వారాల్లో 5.6 వారాలు సెలవు పోగా 46.4 వారాలు పని. 5.6ను 46.4తో భాగిస్తే 12.07 శాతం. అంటే పనిచేసిన ప్రతి గంటకూ 7 నిమిషాల పైచిలుకు సెలవు పోగవుతుంది.

ఏడాది పొడవునా ఉద్యోగంలో ఉంటూ కొన్ని వారాలే పనిచేసేవారికి ఈ శాతం వాడకూడదని, వాళ్లకూ పూర్తిగా 5.6 వారాలు రావాలని 2022 జూలైలో హార్పర్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసింది ఒక మ్యూజిక్ టీచర్. ఆ తర్వాత ప్రభుత్వం నిబంధనలు మార్చింది. 2024 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ మొదలైన సెలవు సంవత్సరాల నుంచి, గంటలు స్థిరంగా లేనివారికి, ఏడాదిలో కొంతభాగమే పనిచేసేవారికి మళ్లీ 12.07 శాతమే.

స్కూల్ నడిచే 39 వారాలు, వారానికి 15 గంటలు వచ్చే నానీని తీసుకుంటే తేడా తెలుస్తుంది. మొత్తం 585 గంటలు. 12.07 శాతం ప్రకారం దాదాపు 70.6 గంటల సెలవు. సుప్రీంకోర్టు తీర్పు లెక్కలో అయితే 15 ఇంటూ 5.6, అంటే 84 గంటలు వచ్చేవి. అయితే ఆమె ‘ఏడాదిలో కొంతభాగమే’ అన్న వర్గంలోకి రావాలంటే, కనీసం వారం చొప్పున పనీ జీతమూ లేని విరామాలు ఉన్నట్టు కాంట్రాక్టులో స్పష్టంగా ఉండాలి. జీతాన్ని 12 నెలలకు సమానంగా పంచి ఇస్తూ ఆ విరామాల మాట ఎక్కడా రాయకపోతే వాదనకు తావిచ్చినట్టే.

ఈ రెండు వర్గాల వారికి సెలవు జీతాన్ని ప్రతి నెలా జీతంతో పాటే కలిపి ఇచ్చేయవచ్చు, పేస్లిప్‌లో విడిగా చూపిస్తే చాలు. గంటకు 16 పౌండ్లయితే దాని మీద 1.93 పౌండ్లు. ప్రతి వారం అవే రెండు రోజులు వచ్చే నానీకి మాత్రం ఇది చెల్లదు. 2006లో యూరోపియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్ ఈ కలిపి ఇచ్చే పద్ధతినే తప్పుపట్టింది. సెలవు డబ్బు ముందే చేతికి వచ్చి ఖర్చయిపోతే మనిషి సెలవే పెట్టుకోదన్నది దాని వెనక ఉన్న భయం. కాబట్టి ‘గంటకు 18 పౌండ్లు, సెలవులు అందులోనే’ అన్న ఒప్పందం స్థిరమైన రోజుల నానీ విషయంలో నిలవదు. ఆమె రెండేళ్ల తర్వాత సెలవు జీతం అడిగితే, ఇంటివాళ్లు ఒకసారి ఇచ్చామనుకున్నది రెండోసారి ఇవ్వాల్సి రావచ్చు.

సిక్ పే: 2026 ఏప్రిల్ ముందు, తర్వాత

జబ్బుపడితే చట్టప్రకారం యజమాని ఇవ్వాల్సిన కనీస మొత్తం స్టాట్యుటరీ సిక్ పే, వాడుకలో ఎస్‌ఎస్‌పీ. 28 వారాల దాకా వస్తుంది. ఇది పూర్తి జీతం కాదు, దాని దరిదాపుల్లో కూడా ఉండదు.

2026 ఏప్రిల్ 6కు ముందున్న నియమాలు పార్ట్‌టైమ్ వాళ్లకు వ్యతిరేకంగా రాసినవి కావు కానీ, దెబ్బ మాత్రం వాళ్లకే ఎక్కువ తగిలేది. వరుసగా 4 రోజులు జబ్బుగా ఉండాలి. మొదటి 3 పనిరోజులకు ఏమీ రాదు. వారానికి సగటున 125 పౌండ్లు సంపాదించాలి. సోమ, మంగళవారాల నానీకి సోమవారం ఫ్లూ మొదలై గురువారం దాకా ఉందనుకుందాం. 4 రోజుల షరతు తీరింది. కానీ అందులో ఆమె పనిరోజులు రెండే, ఆ రెండూ డబ్బు రాని మూడు రోజుల్లోకే పోయాయి. చేతికి సున్నా. ఐదు రోజుల మనిషికి మూడు రోజులంటే వారంలో సగం పైన, రెండు రోజుల మనిషికి మూడు రోజులంటే వారంన్నర. ఇక్కడా అదే కథ: కొలత రోజుల్లో పెట్టడంతో, వారంలో రోజులు తక్కువున్నవారు ఎక్కువ నష్టపోయారు.

2025 డిసెంబర్‌లో ఆమోదం పొందిన ఎంప్లాయ్‌మెంట్ రైట్స్ చట్టంతో ఆ 3 రోజుల ఎదురుచూపు పోయింది, కనీస సంపాదన షరతూ పోయింది. ఇప్పుడు వారానికి 123.25 పౌండ్లు, లేదా సగటు వారం జీతంలో 80 శాతం, ఏది తక్కువైతే అది. దాన్ని వారంలోని పనిరోజుల సంఖ్యతో భాగిస్తే రోజు లెక్క వస్తుంది.

పై ఫ్లూ ఉదాహరణలో నానీకి రోజుకు 9 గంటలు, గంటకు 16 పౌండ్ల చొప్పున 144 పౌండ్లు, వారానికి 288 పౌండ్లు అనుకుంటే, 80 శాతం 230 దాటుతుంది కాబట్టి 123.25 పౌండ్లే వర్తిస్తుంది. రోజుకు 61 పౌండ్ల 63 పెన్నీలు. పాత నియమాల్లో సున్నా వచ్చిన అదే ఫ్లూకు ఇప్పుడు 123.25 పౌండ్లు. శనివారం ఒక్కరోజు 6 గంటలు వచ్చి 90 పౌండ్లు తీసుకునే నానీకి ఇదివరకు ఎస్‌ఎస్‌పీ అర్హతే లేదు. ఇప్పుడు ఒక శనివారం జబ్బుపడితే 80 శాతం, అంటే 72 పౌండ్లు. చిత్రమేమంటే, ఎక్కువ సంపాదించే మొదటి నానీకి రోజు జీతంలో సగం కూడా రాదు, తక్కువ సంపాదించే రెండో నానీకి అయిదింట నాలుగు వంతులు వస్తాయి. అదే ఐదు రోజులు పనిచేసే నానీకి రోజుకు 24.65 పౌండ్లు. ఒక రోజు జబ్బు ఖరీదు యజమానికి ఎంతన్నది ఆమె వారానికి ఎన్ని రోజులు వస్తుందన్నదాన్ని బట్టి ఇంత మారుతుంది.

కొన్ని కంపెనీలకు ఎస్‌ఎస్‌పీలో కొంత ప్రభుత్వం తిరిగి ఇచ్చే పథకం 2014 ఏప్రిల్‌లో ఆగిపోయింది. కోవిడ్ కాలంలో తాత్కాలికంగా వచ్చినదీ ముగిసింది. వంద మంది ఉన్న ఆఫీసులో ఒకరు రాకపోతే పని మిగతావాళ్ల మీదికి సర్దుకుంటుంది. ఇంట్లో ఉన్న ఉద్యోగి ఒక్కరే. ఆమె రాకపోతే ఎస్‌ఎస్‌పీ ఇవ్వాలి, వేరే మనిషికి డబ్బు ఇవ్వాలి, లేదా తల్లో తండ్రో ఆఫీసు మానాలి. పిల్లను చూసే ఏర్పాటు హఠాత్తుగా తప్పిపోయినప్పుడు ఆఫీసు నుంచి సమయం తీసుకునే హక్కు తల్లిదండ్రులకు చట్టంలో ఉంది. దానికి జీతం ఇచ్చి తీరాలని మాత్రం లేదు.

పూర్తి జీతం ఇవ్వాలనుకుంటే

ఎస్‌ఎస్‌పీ కనీసం మాత్రమే. ఏడాదికి కొన్ని రోజులు పూర్తి జీతం ఇస్తామని చాలా ఇళ్లు ఒప్పుకుంటాయి. ఇందులో మంచితనం ఎంత ఉందో లెక్క కూడా అంత ఉంది. జబ్బుపడితే సగం జీతం పోతుందని తెలిసిన మనిషి దగ్గుతోనే వస్తుంది, ఆ దగ్గు పిల్లకు అంటుకుంటుంది, ఆ తర్వాత వారం అందరూ ఇంట్లోనే.

ఇక్కడ కూడా కొలత జాగ్రత్తగా రాయాలి. ఆఫీసులో తనకిచ్చే ‘ఏడాదికి 10 రోజులు’ అన్న మాటను నానీ కాంట్రాక్టులోకి అలాగే దించితే, రెండు రోజుల నానీకి అది 5 వారాల జబ్బు సెలవు అవుతుంది. రెండు వారాలు అన్నదే ఉద్దేశమైతే 4 పనిరోజులు అని రాయాలి. ఇచ్చే పూర్తి జీతంలో ఎస్‌ఎస్‌పీ కలిసే ఉందని కూడా రాసుకోవాలి.

మొదటి 7 రోజులకు డాక్టర్ కాగితం అడగకూడదు, ఆమె తనంతట తాను రాసిచ్చేది సరిపోతుంది. ఈ 7 క్యాలెండర్ రోజులు, పనిరోజులు కావు. అవి దాటితే ఫిట్ నోట్, అంటే పనికి వెళ్లగలరో లేదో చెప్పే వైద్య పత్రం, కావాలి. 2022 జూలై నుంచి నర్సులు, ఫార్మసిస్టులు, ఫిజియోథెరపిస్టులు కూడా ఇవ్వవచ్చు.

జబ్బు ఎవరిదన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. పిల్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుని ఇంటివాళ్లు నానీని రావద్దంటే, ఆమె జబ్బుపడలేదు. అది సిక్ పే కాదు, పూర్తి జీతం. రెండు రోజుల తర్వాత అదే ఆమెకు అంటుకుంటే అప్పుడు సిక్ పే. తన సొంత సెలవు మధ్యలో జబ్బుపడితే ఆ రోజుల్ని సెలవుగా కాకుండా సిక్‌గా మార్చమని అడిగి, సెలవు తర్వాత వాడుకోవచ్చు. జబ్బుగా ఉన్న కాలంలోనూ సెలవులు పోగవుతూనే ఉంటాయి.

ఒక నానీ, రెండు ఇళ్లు

సోమ, మంగళవారాలు ఒక ఇంట్లో, బుధ, గురువారాలు ఇంకో ఇంట్లో పనిచేసే నానీకి ఇద్దరు వేర్వేరు యజమానులు. 5.6 వారాలు ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి, ఎస్‌ఎస్‌పీ కూడా ఇద్దరూ విడివిడిగా ఇవ్వాలి. ఒకరు ఇస్తున్నారు కదా అని రెండోవారికి మినహాయింపు లేదు. కష్టం తేదీల్లో ఉంటుంది. రెండు ఇళ్లూ తమ సగం సెలవులను వేర్వేరు వారాల్లో చెబితే, నానీకి నాలుగు రోజులూ ఒకేసారి ఖాళీ దొరకదు, సొంతూరికి వెళ్లి రావడమే కుదరదు. ఏడాది మొదట్లో రెండు కుటుంబాలూ ఒక క్యాలెండర్ చూసుకుంటే తీరే సమస్య ఇది.

‘చేతికి నెలకు ఇంత’ అని నెట్ జీతం (పన్నులు పోగా మిగిలేది) మాట్లాడుకోవడం నానీల రంగంలో పాత అలవాటు. ఇద్దరు యజమానులున్నప్పుడు అది మరీ ప్రమాదం. ఆమె పన్ను కోడ్ (పన్ను లేని సంపాదన ఎంతో యజమానికి చెప్పేది) ఒక ఇంటి వైపు మారితే, రెండో ఇంటి ఖర్చు ఎవరూ ఊహించనంత పెరుగుతుంది. సెలవు జీతం, సిక్ పే అన్నీ గ్రాస్ (పన్నులు తీయక ముందు జీతం) మీద లెక్కించేవే కాబట్టి ఒప్పందం గ్రాస్‌లో ఉండడమే మేలు.

మానేసి వెళ్లేటప్పుడు

ఉద్యోగంలో ఉన్నంతకాలం చట్టమిచ్చిన సెలవుకు బదులు డబ్బు ఇవ్వకూడదు. మానేసేటప్పుడు మాత్రం మిగిలిన సెలవుకు డబ్బు ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కు వెళ్లే దారి ఉంది, దానికి ముందు ఏకాస్ సంస్థ రాజీ ప్రయత్నం చేస్తుంది. సెలవు జీతం, సిక్ పే అమలును చూడడానికి కొత్త చట్టం ఫెయిర్ వర్క్ ఏజెన్సీని కూడా తెచ్చింది.

పై రెండు రోజుల నానీ సెలవు సంవత్సరం జనవరిలో మొదలై, ఆమె జూన్ చివర మానేస్తే, అప్పటికి పోగైనది దాదాపు 5.6 రోజులు. మూడు రోజులు వాడుకుని ఉంటే మిగిలిన 2.6 రోజులకు, రోజుకు 144 పౌండ్ల చొప్పున, 374.40 పౌండ్లు చివరి పేస్లిప్‌లో రావాలి. ఈస్టర్‌కి ఇంటివాళ్లు ఊరెళ్లిన వారాలు కలిపి ఆమె అప్పటికే 7 రోజులు వాడేసి ఉంటే, 1.4 రోజులు ఎక్కువ వాడినట్టు. ఆ 201.60 పౌండ్లను చివరి జీతంలోంచి తగ్గించుకోవచ్చా? అలా తగ్గించుకోవచ్చని మొదటి రోజు ఇచ్చిన పత్రంలో ఒక వాక్యం ఉంటేనే.